తువ్వాల కింద చెయ్యి

కథలో సంఘర్షణ ఉండాలని లక్ష్మణ్ సార్ వనపర్తిలో బోర్డు మీద రాసిన ఆదివారం నాటికే మా ఇంట్లో అది జోరుగా నడుస్తోంది. మా అత్త ఈదమ్మ మా మామ వెంకట్రాములుతో మాట్లాడటం మానేసింది.

మానేయడమంటే అలిగి మూతి ముడుచుకోవడం కాదు. అలకలు మా ఇంట్లో కొత్తేం కాదు, పొద్దున అలిగితే చాయ పొంగేలోపు తీరిపోయేవి. ఇది వేరు. ఆయన ఎదురుగా కూర్చున్నా అక్కడెవరూ లేనట్టే ఉంటుంది అత్త. ఏదైనా చెప్పక తప్పనప్పుడు పొయ్యికో, కోడికో, లేదంటే నాకో చెప్తుంది.

"వసంతా, బువ్వ వండిన అని మీ మామకు చెప్పు."

మామ చెయ్యి చాపితే అందేంత దూరంలో మంచం మీదే ఉంటాడు. "తర్వాత తింట అని చెప్పు బిడ్డా."

"తర్వాత పెట్టనీకి ఈడ ఎవ్వరు కావలి కూసోలేదని చెప్పు."

"నేనే పెట్టుకుంట అని చెప్పు."

నేను ఇద్దరి మధ్యా నిలబడి ఇటోసారి అటోసారి తల తిప్పేదాన్ని. నిజానికి నేను చెప్పాల్సిందేమీ లేదు, ఇద్దరి చెవులూ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అయినా మధ్యలో ఒక మనిషి ఉంటేనే వాళ్ల నోట మాట వచ్చేది. మా ఆయన శ్రవణ్ మాత్రం ఈ ఉద్యోగానికి ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆటో తీసుకుని పెద్దమందడి అడ్డాకు పోయేవాడు, పొద్దుగూకితే గానీ ఇంటి మొహం చూసేవాడు కాదు.

గొడవంతా ఎడ్ల గురించి.

మాకు ఒక జత ఎడ్లుండేవి, మైలోడు, ఎర్రోడు. ఊరంతా ట్రాక్టర్లకు మారినా మేం ఎడ్లను ఉంచుకోవడానికి పైకి చెప్పే కారణం ఒకటి, అసలు కారణం ఒకటి. మా చేను గుట్ట వారన రాళ్లలో ఉందని, సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలడానికి ఎడ్లే కావాలని పైకి చెప్పేవాళ్లం. అసలు కారణం అత్త. మైలోడు పుట్టగానే తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. వాడు అంత కొమ్ములేసుకుని అంత ఎద్దయ్యాక కూడా, అత్త కొట్టంలోకి పోతే చాలు, కొంగు నోట్లో పెట్టుకుని నమిలేవాడు. అత్త నోటికొచ్చినట్టు తిట్టేది, కొంగు మాత్రం లాక్కునేది కాదు.

మామ ప్రేమ ఇంకో రకం. ఆయనకు తన ఎడ్ల ధర వినడం ఇష్టం. ఏ పనికైనా పెబ్బేరు సంతకు ఎడ్లను తోలుకుపోతే, బేరం కుదిర్చే దలాల్ పిలిస్తే చెయ్యివ్వకుండా వచ్చేవాడు కాదు. నేను నాగర్‌కర్నూల్‌లో బస్టాండ్ వెనక పుట్టి పెరిగినదాన్ని, సంత బేరాలు నాకేం తెలుసు. పెళ్లైన కొత్తలో మామే విడమరిచి చెప్పాడు. బేరమంతా నోటితో కాదట, చేతులతోనట. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి కలిపి పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకొని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. ఇష్టం లేకపోతే అమ్మేవాడు చెయ్యి లాక్కోవాలి. కొనేవాడు చివరికి అరచెయ్యి గట్టిగా నొక్కుతాడు, అప్పుడు కూడా లాక్కోకపోతే బేరం కుదిరినట్టే. తువ్వాల తీశాక మాట మార్చిన మనిషికి ఆ సంతలో మళ్లీ ఎవరూ చెయ్యివ్వరు.

ఇదంతా మామ శ్రవణ్ చెయ్యి పట్టుకుని, నా చున్నీ కప్పి, నటించి చూపించాడు. సరిగ్గా నొక్కే సమయానికి చెయ్యి లాక్కోవడంలో మామకు ఒక దర్జా ఉండేది. ఇంటికొచ్చాక ఆ కథే నాలుగుసార్లు చెప్పేవాడు. "మక్తల్ నుంచి వచ్చినోడు ఎంత పెట్టిండనుకున్నరు? ఠక్కున గుంజుకున్న. మొఖం మాడిపాయె వానిది!"

"అమ్మేటోనివి కావు గద, ఊకె ఎందుకయ్యా నీకు ఆ బేరాలు?" అని అత్త కసిరేది. కానీ ఆ రోజు ఎడ్లకు కుడితిలో ఇంకో గుప్పెడు తవుడు పడేది.

ఆ మాఘమాసంలో పల్లికాయ పీకుడు ఇంకా మొదలు కాలేదు. గిట్టలకు నాడాలు కొట్టించుకొస్తానని మామ ఎడ్లను తోలుకుని పెబ్బేరు పోయాడు. అత్త కుడితి తొట్లో పోసి ఎదురుచూస్తోంది. పొద్దు వాలే వేళకు మామ వచ్చాడు. భుజం మీద రెండు పలుపుతాళ్లున్నాయి, వెనక ఎడ్లు లేవు.

"ఎడ్లేవి?" అంది అత్త.

"ఇచ్చేసిన."

"ఏంది?"

"బేరం కుదిరింది. రాయచూరు దిక్కు ఆయన. ఇచ్చేసిన."

"ఎందుకు?"

"ఇయ్యబుద్ధయింది, ఇచ్చిన." మామ పలుపులు గూటానికి తగిలించి లోపలికి పోయాడు.

చాలా రోజుల వరకు వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవి. అత్త చాలాసేపు కుడితి తొట్టి దగ్గరే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా, రేపు కూరేం వండాలో చెప్పినట్టు చెప్పింది.

"వసంతా, పల్లికాయ ఇంటికి రాంగనే నేను గద్వాలకు పోత. మా తమ్ముని తాన ఉంట. మల్ల రాను. మీ మామకు చెప్పు."

మామ లోపల్నుంచి విన్నాడు. ఏమీ చెప్పమనలేదు.

శ్రవణ్ సాయంత్రం వచ్చి సంగతి విని, "మంచిదే గదనే, ఎడ్లు పెట్టుకొని ఏం చేస్తం, ట్రాక్టర్ మాట్లాడుదం" అన్నాడు. అత్త ఒకవైపు నుంచి, మామ ఇంకోవైపు నుంచి ఒకేసారి శ్రవణ్ మీద విరుచుకుపడ్డారు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక్కటయ్యారు, అదీ కాసేపే.

పెళ్లితో ఆగిపోయిన నా డిగ్రీని మళ్లీ మొదలుపెట్టించింది అత్తే. ఆదివారం పూట వనపర్తిలో ఓపెన్ డిగ్రీ క్లాసులుంటాయని ఎవరో అంటే విని, "పొయ్యి నేను చూసుకుంట, నువ్వు పో" అని బస్సెక్కించిన మనిషి. ఆమె లేని ఇంటికి తిరిగి రావడం నేను ఊహించుకోలేకపోయాను. మామైతే ఇక చెప్పక్కర్లేదు. ఆయనకు అన్నంలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా అత్త మొహం చూసే తెలిసేది.

ఆ ఆదివారం పాఠం కథానిక. లక్ష్మణ్ సార్ ఒక్కొక్కటే బోర్డు మీద రాస్తూ పోయారు. ఇతివృత్తం, పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ. రాసిన ప్రతిదానికీ నాకు మా ఇల్లే కనిపించింది. మా క్లాసులో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. "సంఘర్షణ లేకుంటే కథ రాదా సార్?" అని అడిగాడాయన. "రాదయ్యా, టికెట్ తీసుకోనివాడు ఒక్కడన్నా ఉండాలి నీ బస్సులో" అన్నారు సార్. అందరం నవ్వాం. పోయేముందు, వచ్చేవారం కల్లా మీ చుట్టుపక్కల మనుషుల గురించే ఒక చిన్న కథ రాసుకురండి అన్నారు.

నాకు వెతుక్కునే పనే లేదు. ఊరు పేరు మార్చి, ఎడ్ల పేర్లు మార్చి, ఒక మంచి ముసలమ్మను, ఒక దుర్మార్గుడైన ముసలాయనను పెట్టి ఒక్క ఊపులో రాసేశాను. చదువుకుంటే నాకే కళ్లనీళ్లొచ్చాయి. సార్ కూడా కళ్లు తుడుచుకుంటారనుకున్నాను.

సార్ చదివి అద్దాలు తీశారు. "ఊరు బాగుంది. పల్లికాయ వాసన కూడా వచ్చింది. ముసలమ్మ కళ్లముందు నిలబడ్డది. ముసలాయనే నిలబడలేదమ్మా."

"ఆయన చెడ్డాయన సార్."

"చెడ్డాయన అనేది పాత్ర కాదు. అది మన కోపం. ఆయనకు అమ్మాలని ఎందుకనిపించింది?"

"అమ్మబుద్ధయింది, అమ్మిండు సార్."

"అది ఆయన చెప్పిన మాట. నువ్వు నమ్మినవా?"

నమ్మానా? పెంచిన ఎడ్ల ధర విని మురిసిపోయి, చెయ్యి లాక్కుని వచ్చేసే మనిషి. అలాంటాయన ఒక్కరోజులో మారిపోయాడంటే నేనెట్లా నమ్మాను?

"కథ మొత్తం ముసలమ్మ పక్కనే కూర్చొని చూసినవు" అన్నారు సార్, మెత్తగానే. "ఒకసారి లేచి పోయి ఆయన పక్కన కూర్చో. దృష్టికోణమంటే పుస్తకంలో పెద్ద పెద్ద మాటలు రాసిన్రు గానీ, అంతకంటే ఏం లేదు. కథలో ఒక్క మనిషికి కారణం తెలియకపోతే, మిగతావాళ్ల కారణాలు కూడా సగమే తెలిసినట్టు."

బస్సులో వస్తున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉన్నాను. ఆయనకేం, ఇంట్లో మధ్య నిలబడి మాటలు మోసేది నేను కదా. కానీ ఇంటికొచ్చాక కుదురుగా ఉండలేకపోయాను. మామను చూడటం మొదలుపెట్టాను.

చూస్తే, రోజూ కళ్లముందు ఉన్నవే. మామ బీడీ మానేశాడు. అత్త ఏళ్ల తరబడి పోరినా మానని బీడీ. "ఎవల మీద సాధిచ్చనీకి మానేసిండో" అని అత్త పొయ్యితో అంది కూడా. అంగీ గుండీలు పెట్టుకోవడం లేదు, బనీను మీదే తిరుగుతున్నాడు. తువ్వాల భుజం మీద కాకుండా ఎప్పుడూ ఒళ్లో, కుడి చేతి మీద పడేసి ఉంటుంది. అందరం తిన్నాక ఒక్కడే పళ్లెం పట్టుకుని గోడ వైపు తిరిగి తింటాడు, చెంచాతో. అత్త అది కోపమనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

అప్పటికి పల్లికాయ పీకుడు మొదలైంది. చేలో చెట్లు పీకి కుప్పలు వేస్తే, ఆడవాళ్లందరం చుట్టూ కూర్చొని కాయ తెంపేవాళ్లం. మామ కూడా ఒక మూల వీపు మా వైపు పెట్టి కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఇంటి దగ్గర నేను చాయ పెట్టి, స్టీలు గ్లాసు చెయ్యి కాలుతుంటే కొంగుతో పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఏదో ఆటో శబ్దం విని రోడ్డు వైపు చూస్తూ, చూడకుండానే గ్లాసు కుడిచేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"మామా, కాలుతలేదా?"

ఆయన గ్లాసు వైపు చూశాడు. చెయ్యి వైపు చూశాడు. ఆ చెయ్యి ఇంకెవరిదో అయినట్టు చూశాడు. గ్లాసు ఎడమచేత్తో తీసి కింద పెట్టాడు. అరచెయ్యి ఎర్రగా కంది ఉంది.

నేను పరుగెత్తి చల్లనీళ్లు తెచ్చాను. ఆయన చెయ్యి నీళ్లలో పెట్టి పక్కన కూర్చున్నాను. లక్ష్మణ్ సార్ చెప్పినందుకు కాదు, చెయ్యి నీళ్లలోంచి తీయనీయకుండా పట్టుకోవడానికి.

"ఎప్పటి సంది మామా?"

అత్త దగ్గర్లో లేదని ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"శానా దినాల సంది తిమ్మిరి తిమ్మిరిగ ఉంటుండె బిడ్డా. పని చేసుడికి గట్ల అయితుందిలే అనుకున్న. సంతకు నాడాలకే పోయిన, నిజంగ. దలాల్ చెయ్యియ్యమంటే ఎప్పటిలెక్కనే ఇచ్చిన. ఎంత పెడ్తడో విని గుంజుకుందమనే ఇచ్చిన. తువ్వాల కప్పిన్రు. కొనెటాయన నా మొఖం చూస్తుండు, నేను ఆయన మొఖం చూస్తున్న. ఇంక వేలు పట్టుకుంటలేడు, బేరం మొదలు వెడ్తలేడు అనుకుంటున్న. గంతల దలాల్ తువ్వాల తీసి అయిపాయె అన్నడు. చూస్తే నా చెయ్యి కొనెటాయన చేతుల ఉంది. గట్టిగ వత్తి పట్టుకున్నడు. నాకు తెల్వనే లేదు, వసంతా."

"గప్పుడే చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? గంతమంది ముందట నా చెయ్యి సచ్చిందని చెప్పాల్నా? గా సంతల నా చెయ్యికి ఒక ఇజ్జత్ ఉంది."

"అత్తకన్న చెప్పాలె గద మామా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీ అత్త వాళ్ల నాయినకు గూడ గిట్లనే మొదలైంది. ముందు చెయ్యి, తర్వాత మంచం. ఎత్తుడు, కడుగుడు, అంత ఆమెనే చేసింది, ఇంక పెండ్లిగాని పిల్ల. గిప్పటికి ఎవలన్న తిమ్మిరి అంటే ఆమెకు చెమట్లు వడ్తయి. కోపంగ ఉంటే ఉండనియ్యి. కోపానికైతే బువ్వ తింటది. భయానికైతే తినది."

"మరి గద్వాలకు పోతా అంటుంది."

"పోనియ్యి బిడ్డా. నేను మంచాన వడేది చూడకుంట ఉంటది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఎడమచేత్తో నా తల నిమిరి, "ఎవ్వరికి చెప్పనని నా మీద ఒట్టెయ్యి" అన్నాడు. దవాఖానకు పోదామంటే పల్లికాయ అయినంక చూద్దామన్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఒట్టేశాను. వేసిన క్షణం నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అత్తకు చెప్పకపోతే ఆమె వెళ్లిపోతుంది. చెప్తే ఒట్టు తప్పినట్టు. పల్లి కుప్ప చూస్తే రోజురోజుకూ తరిగిపోతోంది, అత్త ట్రంకుపెట్టె దులిపి ఎండలో పెట్టింది.

నాకు దారి చూపింది మళ్లీ ఆ పాఠమే. కథలో ఎవరి గురించి చెప్తున్నామో పేరు పెట్టి చెప్పక్కర్లేదని, వినేవాళ్లు వాళ్లంతట వాళ్లే తమను చూసుకుంటారని సార్ ఇంకో ఆదివారం క్లాసులో అన్నారు. నేను ఒట్టేసింది వెంకట్రాములు సంగతి చెప్పనని. ఏదో ఊళ్లో ఎవరో ముసలాయన సంగతి చెప్పనని కాదు. ఇంత తెలివి నాకు పరీక్షల్లో ఎప్పుడూ రాలేదు.

ఆఖరి కుప్ప ముందు కూర్చున్న పొద్దున, మామ కాయ బస్తాలకు కావలిగా ఇంటి దగ్గరే ఉన్నాడు. చేలో అత్త, నేను, పక్కింటి సత్తెమ్మక్క ఉన్నాం. సత్తెమ్మక్క ఊ కొడితేనే మా దగ్గర ఎవరైనా కథ చెప్పేది. ఆమె ఊ లో ఒక ఊపు ఉంటుంది, చెప్పేవాళ్లు ఆపాలన్నా ఆపలేరు.

"ఒక కథ చెప్పాల్నా అక్కా? కాలేజీల చెప్పిన్రు" అన్నాను.

"చెప్పు చెప్పు, చేతులు ఊకెనే ఆడుతున్నయి."

"ఒకూర్ల ఒక ముసలాయన ఉండె."

"ఊ."

"ఆయనకొక గుర్రం ఉండె."

"గుర్రమా?" సత్తెమ్మక్క చెట్టు పక్కన పెట్టింది. "గీ దిక్కు గుర్రమెక్కడిదే? గుట్టల ఏం తిని బతుకుతది?"

"వేరే ఊరక్కా. గీ ఊరు కాదు."

"ఆ ఊర్ల అరకకు కడ్తరా గుర్రాన్ని?"

నేపథ్యం సరిగ్గా కుదరకపోతే వినేవాళ్లు ఇట్లా పీక పట్టుకుంటారని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. "బండికి కడ్తరక్కా" అని సర్దుకున్నాను. "సరే, ఊ" అంది దయతలచి.

"ముసలాయన పెండ్లాం ఆ గుర్రాన్ని సీసతోని పాలు వట్టి సాదింది."

ఊ రాలేదు. సత్తెమ్మక్క ఓరగా అత్త వైపు చూసింది. అత్త తలెత్తలేదు, ఆమె వేళ్లు టపటపా కాయ తెంపుతూనే ఉన్నాయి.

"ముసలాయనకు ఒక అలవాటు. సంతల ఊకెనే చెయ్యిచ్చి, ధర విని, గుంజుకొని వస్తడు. ఒకనాడు గట్లనే చెయ్యిచ్చిండు. తువ్వాల కప్పిన్రు."

మళ్లీ ఊ లేదు. సత్తెమ్మక్కకు భయం పట్టుకుంది, ఎక్కడ గొడవవుతుందోనని. ఊ కొట్టే మనిషి లేకపోతే కథ ఎంత ఒంటరిదో అప్పుడు తెలిసింది. ఇక ఆపేద్దామనుకున్నాను.

"ఊ" అంది అత్త, తలెత్తకుండానే.

నేను అందుకున్నాను. "ఇంక వేలు పట్టుకుంటలేడు, బేరం మొదలే కాలేదనుకుంటున్నడు ముసలాయన. తువ్వాల తీసి చూస్తే అయిపోయింది."

"మొదలు కాలేదనుకునుడేంది?" అత్త చేతులు ఆగాయి. "వేలు పట్టుకుంటే తెల్వదా మనిషికి?"

"తెల్వలె."

"ఎందుకు తెల్వలె?"

ఒట్టు గుర్తొచ్చింది. "గది కథల లేదత్తా. ఉన్న కాడికి చెప్త. ఆనాటి సంది ముసలాయన బీడీ బంజేసిండు. అంగి గుండీలు పెట్టుకోడు. అందరు తిన్నంక గోడ దిక్కు తిరిగి చెంచతోని తింటడు. పొయ్యి మీదికెళ్లి దించిన గిలాస కుడిచేతుల పట్టుకొని కూసుంటే చెయ్యి కమిలింది గానీ ఆయనకు తెల్వలె."

అత్త తన కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకుంది. వేళ్లు ఒకసారి ముడిచింది, తెరిచింది.

"మా నాయిన లెక్కనే" అంది. ఎవరితోనూ కాదు.

తర్వాత లేచింది. ఒళ్లోని కాయలన్నీ నేల మీద పడ్డాయి. కాయ నేల మీద పడితే పిల్లల్ని కూడా తిట్టే మనిషి, వాటిని తొక్కుకుంటూ ఇంటి దారి పట్టింది.

"కథ అయిపోయిందానే?" అంది సత్తెమ్మక్క గుసగుసగా.

"తెల్వదక్కా" అని నేనూ లేచాను.

లక్ష్మణ్ సార్‌కు ఇక్కడిదాకా రాసిచ్చాను. గుర్రం తీసేసి ఎడ్లనే పెట్టాను, సత్తెమ్మక్క దెబ్బకు. సార్ చదివి, "ఇప్పుడు ముసలాయన నిలబడ్డాడమ్మా. ముగింపేదీ?" అన్నారు. "ముగింపు ఉంది సార్, వాళ్లిద్దరినీ అడగకుండా రాయలేను" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

వనపర్తి దవాఖానలో మామ మెడ దగ్గర నరం నలిగిందన్నారు, షుగరు కూడా ఉందన్నారు. మంచాన పడే జబ్బు కాదన్నారు. అత్త మాత్రం డాక్టరుతో అదే మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుని గానీ కుర్చీ వదల్లేదు. ఇప్పుడు మామ పొద్దున్నే రబ్బరు బంతి పిసుకుతాడు, అత్త ఎదురుగా కూర్చుని దొంగ పిసుకుడు పట్టుకుని తిడుతుంది. వేళ్లకు స్పర్శ కొంచెం కొంచెం వస్తోంది. ఎడ్లు మాత్రం రాలేదు. పలుపులు ఇంకా గూటానికే ఉన్నాయి, అప్పుడప్పుడు అత్త వాటిని ముట్టుకుని పోతుంది. గద్వాలకూ పోయింది, మామను వెంటబెట్టుకుని, తమ్ముడి మనవరాలి తొట్టెల పండుగకు. మర్నాడే ఇద్దరూ తిరిగొచ్చారు.

ఆ ముగింపు ఇప్పుడు అత్తే ఊరంతా చెప్పుకుంటోంది కనుక, నేను చెప్పినా తప్పు లేదు.

ఆ రోజు అత్త వెనకే పరుగెత్తి వచ్చి, ఇంటి ముందు తడక దగ్గర ఆగిపోయాను. రేకుల కింద మంచం మీద మామ ఒళ్లో తువ్వాల వేసుకుని కూర్చున్నాడు. అత్త పోయి ఆయన పక్కనే కూర్చుంది. తువ్వాల అంచు ఎత్తి, తన చెయ్యి లోపల పెట్టింది.

మామ బిత్తరపోయాడు. అలవాటు కొద్దీ చుట్టూ చూసి, నా కోసం కేక వేశాడు. "వసంతా! మీ అత్తకు ఏం గావాల్నో అడుగు."

"వసంతను పిలవకు" అంది అత్త. "నాతోని మాట్లాడు. గిది చిటికెన వేలు. తెలుస్తుందా?"

మామ తువ్వాల వైపు చూశాడు. "లేదు."

"గిది?"

"లేదు."

"బొటనవేలు?"

"జర... జర తెలుస్తుంది."

"గిప్పుడు అరచెయ్యి వత్తుతున్న."

"తెలుస్తలేదు ఈదమ్మా."

"తెల్వకుంటే తెల్వకపాయె. గుంజుకోకు."

మామ గుంజుకోలేదు. కళ్లు తుడుచుకోవడానికి ఆయన ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది, కానీ తుడుచుకోలేదు. అత్త ముక్కు చీదుతూ రోడ్డు వైపు చూసింది. కాసేపటికి మామ, సంతలో మనిషిలాగే, పక్కకు చూస్తూ అడిగాడు.

"మరి బేరం అయినట్టేనా?"

"నువ్వు గుంజుకోలె గద" అంది అత్త. "అయినట్టే."

తువ్వాల మాత్రం ఇద్దరూ చాలాసేపు తీయలేదు.